ఆరాధనలో ఆర్గన్, కీబోర్డు: నాదమును మలచుకొనుట

(శతవార్షికోత్సవ సందర్భమున గాయక బృందముల నాయకులకును, పాస్టరేటు కమిటీ సభ్యులకును చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ సంవత్సరములో ప్రతి సంఘము జ్ఞాపకార్థముగా ఏదో ఒకటి చేయవలెనని తలంచుచున్నది. కొందరు గుడికి సున్నము వేయించుచున్నారు. కొందరు ప్రహరీ గోడ కట్టించుచున్నారు. చాలమంది వాయిద్యము కొనుటకు చందాలు పోగుచేయుచున్నారు. "అయ్యగారూ, ఆర్గన్ కొనమంటారా, కీబోర్డు కొనమంటారా?" అని అడిగేవారు ఎక్కువైనారు. నాకు ఈ అంశము అప్పగించినది కూడ అందుకే అనుకొనుచున్నాను.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు ఇంకొక ప్రశ్న మీ ముందుంచుచున్నాను. మన గుడిలో పాడేది ఎవరు? ఆదివారము ఉదయము ఏ గుడికైనను వెళ్ళి వెనుక బల్లల దగ్గర నిలువబడి చూడండి. ముందు రెండు పెద్ద స్పీకర్లు మ్రోగుచుండును. మైకు ముందు నలుగురు పాడుచుందురు. వెనుక చాపల మీద కూర్చున్న పెద్దమ్మల పెదవులు కదలవు. వారికి పాట రాక కాదు. అక్షరము రాని ఆ తల్లులు పాటల పుస్తకము లేకుండ కీర్తన మొత్తము, చివరి చరణము వరకు, తప్పు లేకుండ పాడగలరు. మొదటి తరము విశ్వాసులలో అనేకులు రక్షణ వృత్తాంతమును చదివి నేర్చుకొనలేదు, పాడి నేర్చుకొనిరి. అటువంటివారు ఈనాడు మౌనముగా కూర్చున్నారంటే, శ్రుతి వారికి అందలేదన్నమాట, లేక వేగము వారిని దాటిపోయినదన్నమాట, లేక తమ గొంతు తమకే వినబడలేదన్నమాట. ధ్వని పెరిగి పాట తగ్గినది. నేను చెప్పబోవు సంగతులన్నియు ఈ ఒక్క బాధను గూర్చినవే.

మొదట ఈ వాయిద్యములు ఎట్లు వచ్చినవో కొంచెము చూతము. పూర్వకాలపు పాశ్చాత్య దేవాలయములలో పైపు ఆర్గన్ ఉండెడిది. గాలి గొట్టములలో ప్రవేశించి నాదము పుట్టించును. ఒక్కొక్క వరుస గొట్టములకు ఒక్కొక్క స్టాపు. స్టాపు మీద 8, 4, 16 అని అంకెలు వ్రాసియుండును. అవి అడుగులు. వాయిద్యములో అన్నిటికంటె క్రింది మెట్టుకు ఎనిమిది అడుగుల గొట్టమున్న స్టాపు మన గొంతు స్థాయిలో పలుకును. నాలుగు అడుగులది ఒక స్థాయి పైన, పదునారు అడుగులది ఒక స్థాయి క్రింద పలుకును. ఈనాటి చిన్న ఎలక్ట్రానిక్ వాయిద్యములో గొట్టము లేకపోయినను ఆ అంకెలు అట్లే నిలిచియున్నవి. కనుక వాటి అర్థము తెలిసికొనుట వాయించేవారికి అవసరము.

మన ఊళ్ళకు పైపు ఆర్గన్ రాలేదు. ఎక్కడనో కొన్ని పెద్ద పట్టణములలో తప్ప దానిని కట్టించగల శక్తి మనకు లేదు. మిషనరీలు కాలితో తొక్కే రీడ్ ఆర్గన్ తెచ్చిరి. హార్మోనియము అను పేరుతో దానికి 1840ల ఆరంభములో పారిస్ నగరములో అలెగ్జాండర్ డెబెయిన్ పేటెంటు పొందెను. నేలమీద కూర్చుండి ఒక చేతితో తిత్తి ఊదుచు మరియొక చేతితో వాయించునట్టి చేతి హార్మోనియమును 1875 ప్రాంతములో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ రూపొందించెను. మన పద్యనాటకములకును, హరికథలకును, క్రైస్తవ భజనలకును ఆ పెట్టెయే తోడైనది. సువార్తికుడు దానిని సైకిలు వెనుక కట్టుకొని పల్లెపల్లెకు తిరుగగలిగెను.

ఆ హార్మోనియమునకు కూడ గడ్డు కాలము వచ్చినది. 1940 నుండి 1971 వరకు ఆలిండియా రేడియో దానిని నిషేధించినది. కారణమేమనగా, దాని స్వరములు బిగించినట్లు ఒకేచోట నిలుచును, మన సంగీతమునకు ప్రాణమైన గమకము అందులో పలుకదు. ఈ ఆక్షేపణను మరువకండి. హార్మోనియమునకున్న ఆ లోపమే ఈనాటి కీబోర్డుకును ఉన్నది. దానిని గూర్చి తరువాత చెప్పుదును.

విద్యుత్తుతో పలికే ఆర్గన్‌లలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1935లో అమెరికాలో లారెన్స్ హామండ్ బయటికి తెచ్చినది. అందులో పళ్ళచక్రములు అయస్కాంతముల ప్రక్కన తిరుగుచు విద్యుత్ తరంగములను పుట్టించును. పైపు ఆర్గన్ కొనలేని చిన్న సంఘములు అక్కడ దానిని వేలకొలది కొన్నవి. అది పైపు ఆర్గన్‌తో సమానమని ప్రకటించినందుకు కంపెనీ మీద ప్రభుత్వ వ్యాపార కమిషన్ ఎదుట వివాదము నడిచినది. చికాగో విశ్వవిద్యాలయపు చాపెల్‌లో రెండు వాయిద్యములను వాయించి పరీక్షించగా సంగీతము తెలిసిన శ్రోతలే అనేక పర్యాయములు పొరబడిరి. అయినను పైపు ఆర్గన్ నాదముల నన్నిటిని పలికించగలదని చెప్పుకొనరాదని 1938లో కమిషన్ ఉత్తరువిచ్చినది.

తరువాత 1959లో జపానుకు చెందిన యమహా కంపెనీ ఎలక్టోన్ అను ఆర్గన్‌ను తెచ్చినది. 1971లో అమెరికాలోని అలెన్ కంపెనీ పైపుల నాదమునే అంకెలుగా మార్చి జ్ఞాపకములో నిలిపిన డిజిటల్ ఆర్గన్‌ను తయారుచేసినది. 1980లో కేసియో కంపెనీ తన మొదటి చిన్న కీబోర్డును విడుదల చేసినది. 1983లో మిడి అను ఏర్పాటు వచ్చినది. దానివలన ఒక కంపెనీ వాయిద్యపు మెట్టు నొక్కి ఇంకొక కంపెనీ వాయిద్యమును పలికించవచ్చును. ఇప్పుడు మన గుళ్ళలో కనబడుచున్న కీబోర్డులన్నియు ఈ వంశములోనివే.

ఇక రెంటిని పోల్చి చూతము.

మొదటిది, నాదపు స్వభావము. ఆర్గన్ ఊపిరివంటిది. మెట్టు నొక్కినంతసేపు నాదము తగ్గక నిలిచియుండును, చేయి తీసినవెంటనే ఆగును. పియానో కొట్టిన గంటవంటిది. మ్రోగిన క్షణమునుండి తగ్గుట మొదలగును. కీబోర్డులో ఈ రెండు విధముల నాదములును, వీటితోపాటు వందలకొలది ఇతర నాదములును ఉండును. సంఘము పాడుట ఊపిరితో పాడుట గనుక, నిలుచు నాదము వారికి ఆసరాగా నుండును. పాట తెలియని క్రొత్తవారు స్వరమును పట్టుకొనుటకు అది చేతికర్రవంటిది. పియానో నాదము పెట్టి నెమ్మది కీర్తన వాయించినచో రెండు స్వరముల మధ్య ఖాళీ ఏర్పడును. ఆ ఖాళీని నింపుటకు వాయించేవారు లేనిపోని వ్రేళ్ళాట మొదలుపెట్టుదురు. సంఘము పాట మాని ఆ వ్రేళ్ళాటను వినును.

రెండవది, మెట్లు. పూర్తి ఆలయ ఆర్గన్‌కు చేతులకు రెండు లేక మూడు వరుసలు, వరుసకు 61 మెట్లు, కాళ్ళకు సాధారణముగా 32 పెడల్ మెట్లు ఉండును. కీబోర్డుకు ఒకే వరుస, సాధారణముగా 61 మెట్లు. ఆర్గన్ మెట్టును మెల్లగా నొక్కినను గట్టిగా నొక్కినను నాదము ఒక్కటే. హెచ్చుతగ్గులు కాలి క్రింది పెడల్ చూచుకొనును. అనేక కీబోర్డులలో గట్టిగా నొక్కినచో గట్టిగా పలుకును. ఆర్గన్ నాదము వాయించునప్పుడు ఈ టచ్ సదుపాయమును ఆపివేయుట మంచిది. లేనిచో బలమైన వ్రేలి క్రింద ఒక స్వరము, బలహీనమైన వ్రేలి క్రింద ఇంకొక స్వరముగా పాట కుంటును.

మూడవది, స్పీకరు. ఇది అన్నిటికంటె ముఖ్యమైన తేడా. ఆలయ ఆర్గన్‌తోపాటు గుడికి తగిన స్పీకర్లను కూడ అమర్చుదురు. చిన్న కీబోర్డులలో కొన్నిటికి ఒక్కొక్క ప్రక్క రెండున్నర వాట్ల స్పీకరు మాత్రమే ఉండును. అది ఇంటి గదికి చాలును. ఎనిమిది అడుగుల స్టాపులో క్రింది మెట్టు సెకనుకు సుమారు 65 కంపనములు, పదునారు అడుగులది సుమారు 33 కంపనములు చేయును. అరచేతి అంత స్పీకరు ఆ మంద్రనాదమును బయటికి పంపజాలదు. అందుచేత ఆర్గన్ అని వ్రాసియున్న బటన్ నొక్కినను వినబడేది సన్నని ముక్కునాదమే. నింద కీబోర్డుది కాదు, దాని నోటిది.

నాలుగవది, ఖర్చును, మరమ్మతును. ఆలయ ఆర్గన్ వెల లక్షలలో ఉండును. చెడిపోయినచో బాగుచేయువారు పెద్ద నగరములనుండి రావలెను. కీబోర్డు వేలలో వచ్చును. చంకన పెట్టుకొని కుటుంబ ప్రార్థనకు, సమాధి కార్యక్రమమునకు తీసికొనిపోవచ్చును. కొన్ని మోడళ్ళు బ్యాటరీలతో కూడ పనిచేయును గనుక కరెంటు పోయినను ఆరాధన ఆగదు. మన దేశము కొరకు యమహా, కేసియో కంపెనీలు తబలా, తంబురా వంటి నాదములు చేర్చి కొన్ని మోడళ్ళను తయారుచేసినవి కూడ.

ఇవన్నియు చూచి నా అభిప్రాయము చెప్పుచున్నాను. రాతి గోడలు, ఎత్తయిన కప్పు, శిక్షణ పొందిన ఆర్గనిస్టు, అతని తరువాత నేర్చుకొనుచున్న ఇద్దరు పిల్లలు, ఈ నాలుగు ఉన్న కేథడ్రల్ సంఘము ఆర్గన్ కొనవచ్చును. మిగిలిన పాస్టరేటులు మధ్యరకము కీబోర్డు ఒకటి కొని, మిగిలిన సొమ్ములో సగము మంచి స్పీకరుకును, సగము వాయించేవారి శిక్షణకును వినియోగించుట మేలు. వాయించేవారు లేని ఆర్గన్ మీద నాలుగేండ్లకు మిగిలేది పూలకుండీయే. 

ఇప్పుడు నాదమును మలచుకొనుట. కీబోర్డు కొన్న దినమున ఏ నాదము వచ్చునో పదేండ్ల తరువాత కూడ అదే నాదముతో వాయించుచున్నవారు మనలో చాలమంది. వీణ కొన్నవాడు శ్రుతి చేసికొనకుండ వాయించునా? కీబోర్డును కూడ మన గుడికి, మన గొంతులకు సరిచేసికొనవలెను.

హామండ్ ఆర్గన్ ఈ పాఠము చక్కగా నేర్పును. దానిలో నాదమును కూర్చుటకు తొమ్మిది డ్రాబార్లు, అనగా ముందుకు లాగే పట్టీలు ఉండును. ఒక్కొక్కటి ఎనిమిది మెట్ల వరకు లాగవచ్చును. ఈనాటి కీబోర్డులు కొన్నిటిలో కూడ ఇవి ఉన్నవి. తెల్లని పట్టీలు నాలుగు: 8, 4, 2, 1 అడుగులు. ఇవన్నియు షడ్జమములే, ఒకదానిపై ఒకటి స్థాయిలు. నల్లని పట్టీలు మూడు: రెండు పంచమములు, ఒక అంతర గాంధారము. గోధుమరంగువి రెండు: మంద్రస్థాయి షడ్జమము ఒకటి, పంచమము ఒకటి. తంబురా మీటి చెవి ఒగ్గి విన్నవారికి సా మీటగా పైన పంచమము, గాంధారము వాటంతటవే వినబడుట అనుభవమే. ప్రతి నాదములోను ఇట్టి స్వరములు దాగియున్నవి. కాలేజీలో భౌతికశాస్త్రము చదివినవారు వీటిని అనుస్వరములు అందురు. అవి తక్కువగా నున్నచో వేణువువలె మెత్తన. ఎక్కువగా నున్నచో సన్నాయివలె పదును. నాదమును మలచుట యనగా ముఖ్యముగా ఈ పాళ్ళు చూచుకొనుటయే. పప్పులో ఉప్పు, పులుపు చూచుకొన్నట్లు.

సంఘము పాడునప్పుడు 8 అడుగుల నాదమును నిండుగాను, 4 అడుగులది సగమునకు కొంచెము పైగాను, 2 అడుగులది కొద్దిగాను పెట్టి చూడండి. 4 అడుగులది స్త్రీల గొంతులకు దారి చూపును. 2 అడుగులది పెరిగినకొలది నాదము మాటల మీద ఎక్కును. మనము పలికే హల్లుల స్పష్టత ఎక్కువగా 1000 నుండి 4000 కంపనముల మధ్య నుండును. కీబోర్డు నాదము ఆ భాగములో పదునుగా నున్నచో, అందరు పాడుచున్నను మాట తెలియదు. డ్రాబార్లు లేని కీబోర్డులో ఫిల్టర్ లేక బ్రైట్‌నెస్ అను సదుపాయము ఉండును. దానిని తగ్గించినచో పదును తగ్గును. అది తగ్గించి చూడనిదే వాల్యూము ముట్టుకొనకండి.

రెండవ సంగతి, నాదపు జీవితము. ప్రతి నాదమునకు పుట్టుక, తగ్గుదల, నిలకడ, విడుపు అని నాలుగు దశలున్నవి. కీబోర్డు భాషలో వీటినే అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ అందురు. వయొలిన్ల గుంపు నాదమునకు పుట్టుక ఆలస్యము. మెట్టు నొక్కిన తరువాత మెల్లగా ఉబ్బును. దానితో ఒంటరిగా పాట నడిపినచో సంఘము ఎల్లప్పుడు అరమాత్ర వెనుకబడును. ఇక్కడ వాయించేవాడు సంఘమును నిందించును, సంఘము వాయించేవానిని నిందించును. తప్పు నాదములో ఉన్నది. అటాక్ కాలము తగ్గించండి, లేక ఆర్గన్ నాదమును పైన చేర్చండి. ఆశ్చర్యమేమనగా, హామండ్ ఆర్గన్‌లో మెట్టు తగులగానే వచ్చే చిన్న టక్కుమను చప్పుడును ఇంజనీర్లు లోపమని తలంచిరి. వాయించేవారు మాత్రము స్వరము స్పష్టముగా మొదలగుచున్నదని దానినే కోరిరి. విడుపు విషయమునకు వచ్చినచో, రిలీజ్ ఎక్కువైనచో ఒక స్వరము తోక తరువాతి స్వరము మీద పడి అలుకును. సస్టెయిన్ పెడల్‌ను పాట అంతయు తొక్కిపట్టువారు ఈ సంగతి గమనించవలెను.

మూడవ సంగతి, గుడి. రాతి గోడల పెద్ద గుడి తానే ప్రతిధ్వని ఇచ్చును. అక్కడ కీబోర్డులోని రివర్బ్‌ను పూర్తిగా ఆపివేయవలెను. స్లాబు వేసిన చిన్న గుడిలో కొద్దిగా పెట్టవచ్చును. గుడి ఖాళీగా నున్నప్పుడు శనివారము సాయంకాలము సరిచేసిన నాదము ఆదివారము జనము నిండినప్పుడు మారును, ఏలయనగా మనుష్యులును వారి బట్టలును ధ్వనిని పీల్చుకొనును. కనుక వెనుక బల్లల దగ్గర ఒకరిని నిలిపి, ఆరాధనలోనే విని చెప్పుమనండి. ఊరేగింపుల కొరకు వాడే గొట్టపు స్పీకర్లకు కీబోర్డును కలుపవద్దు. అవి మాటకు పనికివచ్చును గాని మంద్రనాదమును పలుకవు. ఎంత మంచి ఆర్గన్ నాదమైనను వాటిలో బూరగా మారును.

నాలుగవ సంగతి, శ్రుతి. హార్మోనియము విద్వాంసులు సి మెట్టును ఒకటి, డి మెట్టును రెండు, ఎఫ్‌ను నాలుగు, జి ని ఐదు శ్రుతి అందురు. మధ్యనున్న నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర మొదలైనవి. గాయకుడు తన గొంతుకు తగిన శ్రుతి పెట్టుకొనును. సంఘమునకు కచేరీ గాయకుని గొంతు లేదు. స్త్రీలు, పురుషులు, పిల్లలు, వృద్ధులు కలిసి పాడునప్పుడు పాటలో అన్నిటికంటె పై స్వరము పై డి లేక ఇ దాటకుండ చూడవలెను. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ ఉన్నది గనుక ఇది ఎంతో సులభము. వాయించుచున్న మెట్లు మార్చకయే శ్రుతి దించవచ్చును. అయితే ఒక పాటకు దించి, తరువాతి పాటకు మరచిపోయినచో అప్పటికే శ్రుతి అందుకొన్న గాయక బృందము చెల్లాచెదరగును. కీర్తన సంఖ్య ప్రక్కన శ్రుతిని పెన్సిలుతో వ్రాసియుంచుకొనుట మంచి అలవాటు.

ఇప్పుడు మన తెలుగు కీర్తనల యొద్దకు వచ్చుచున్నాను. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైన మన భక్తకవులు కర్ణాటక రాగతాళములలో కీర్తనలు రచించిరి. అందుచేతనే మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో కీర్తనలకు రాగతాళములు సూచింపబడియున్నవి. కీబోర్డు నేర్చుకొను పిల్లలు ఆ సూచనను చూడకుండ నేరుగా పల్లవికి పోవుచున్నారు. అక్కడ మూడు ప్రమాదములున్నవి.

మొదటిది తాళము. కీబోర్డులోని రెడీమేడ్ తాళములలో చాలవరకు నాలుగు, మూడు, ఆరు దెబ్బలవి. ఎనిమిది అక్షరముల ఆదితాళ కీర్తనకు నాలుగు దెబ్బలు సరిపోవును. మిశ్రచాపులో ఏడు అక్షరములు, మూడును నాలుగుగా నడచును. దానికి బటన్ దొరకలేదని ఏడును ఎనిమిదిగా సాగదీసినచో ప్రతి ఆవర్తమునకు ఒక అక్షరము అబద్ధముగా చేరును. పాట వినుటకు బాగానే యుండును. కాని తాతలనాటి ఆ నడక పోవును. దానిని ఎరిగిన పెద్దవారు తాము పాడేది తప్పేమో అనుకొని నోరు మూసికొందురు. రెడీమేడ్ తాళమునకు మరియొక లోపము కూడ ఉన్నది. అది ఊపిరి తీసికొనదు. చరణము చివర సంఘము ఆగి ఊపిరి తీసికొనువరకు అది వేచియుండదు. తబలా లేక డోలక్ వాయించే సహోదరుడు వేచియుండును, ఎందుకనగా అతనికి కండ్లున్నవి.

రెండవది రాగము. ఎడమచేతితో ఒక మెట్టు నొక్కగానే మూడు స్వరముల కార్డును యంత్రమే వేయు సదుపాయము కీబోర్డులో ఉన్నది. మోహనవంటి రాగములలో అది కొంతవరకు నడచును. మాయామాళవగౌళ తీసికొనండి. అందులో శుద్ధ రిషభము. యంత్రము పంచమము మీద పెద్ద కార్డు వేసినచో చతుశ్రుతి రిషభము పలుకును. గాయకులు శుద్ధ రిషభము పాడుచుండగా యంత్రము ఇంకొక రిషభము పలుకును. అట్టి కీర్తనలకు యంత్రపు కార్డులను ఆపి, ఎడమచేతితో సా, పా మాత్రము ఆర్గన్ నాదములో నిలిపియుంచండి. అది తంబురావలె నిండుగా నుండును. స్ప్లిట్ సదుపాయముతో ఎడమచేతికి మెత్తని నాదము, కుడిచేతికి స్పష్టమైన నాదము వేరువేరుగా పెట్టుకొనవచ్చును.

మూడవది గమకమును, స్వరస్థానమును. కీబోర్డు స్థాయిని పండ్రెండు సమభాగములు చేసినది. ఒక అర్ధస్వరమును నూరు భాగములు చేసినచో, తంబురాలో సహజముగా వినబడే అంతర గాంధారముకంటె కీబోర్డు గాంధారము సుమారు 14 భాగములు ఎక్కువగా నుండును. పదునైన నాదములో ఈ తేడా చెవికి గ్రుచ్చుకొనును, మెత్తని నాదములో మరుగుపడును. మెత్తని నాదము పెట్టుడని నేను చెప్పుటకు ఇదియు ఒక కారణము. గమకము కొరకు పిచ్ బెండ్ చక్రమును త్రిప్పి కష్టపడనవసరము లేదు. గమకము గొంతుల సొత్తు, దానిని గొంతులకే విడిచిపెట్టండి. కీబోర్డు నిలుచు స్వరములను మాత్రము చూపినచో చాలును.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో పిల్లనగ్రోవిని, వీణను, బూరను ఉదాహరణగా తీసికొని మాటలాడెను. నాదములలో భేదము తెలియనిచో ఏమి వాయించుచున్నారో ఎవరికి తెలియునని ఆయన భావము. ఆ అధ్యాయమంతటిలో ఆయన అడుగుచున్నది ఒక్కటే: సంఘమునకు క్షేమాభివృద్ధి కలుగుచున్నదా? వాయిద్యమును గూర్చి మనము కూడ అదే అడుగవలెను.

అది తెలిసికొనుటకు సులభమైన పరీక్ష ఒకటి చెప్పుచున్నాను. వచ్చే ఆదివారము అందరికి తెలిసిన కీర్తన ఒకటి ఎన్నుకొనండి. మూడవ చరణములో ముందుగా ఎవరికిని చెప్పకుండ కీబోర్డును, మైకులను ఆపివేయండి. సంఘము పాట ఆగక సాగినచో మీ వాయిద్యము మంచి సేవకుడు. గుడి నిశ్శబ్దమైనచో అప్పటివరకు మీరు విన్నది యంత్రమును, నలుగురు మనుష్యులను మాత్రమే. అప్పుడు క్రొత్త వాయిద్యము కొనకండి. ఉన్నదాని ధ్వని తగ్గించి, శ్రుతి దించి, నెల తరువాత మరల పరీక్షించండి.

కమిటీ పెద్దలకు చివరిగా రెండు మనవులు. దుకాణములో కీబోర్డు చూచునప్పుడు ఎన్ని నాదములున్నవని లెక్కపెట్టకండి. ఆరు వందల నాదములలో మనము వాడేది ఆరు. సంఘములో వాయించువానినే వెంట తీసికొనిపొండి. ఆర్గన్ నాదము నిలకడగా నున్నదా, బయటి స్పీకరుకు కలిపే వీలున్నదా, ఫిల్టర్, అటాక్ మార్చి దాచుకొనవచ్చునా, వాల్యూము పెడల్ తగిలించు చోటున్నదా, ఇవి చూడండి. ఇంటికి తెచ్చిన తరువాత దుమ్మునుండి గుడ్డతోను, ఎలుకలనుండి పెట్టెతోను కాపాడండి. కరెంటు హెచ్చుతగ్గులనుండి కాపాడుటకు స్టెబిలైజరు పెట్టండి.

రెండవ మనవి, సంఘములోని పాత హార్మోనియమును పాతసామానుకు అమ్మకండి. తిత్తి అతికించి, రీడ్లు సరిచేయించండి. కీబోర్డు నేర్చుకొను ప్రతి బిడ్డను మొదటి ఆరు నెలలు దాని ముందు కూర్చుండబెట్టండి. నాదము ఊపిరితో పుట్టునని చేతికి తెలిసిన తరువాత ఆ బిడ్డ ఏ వాయిద్యము ముందు కూర్చున్నను సంఘముతో కలిసి ఊపిరి తీసికొనును. ప్రక్కన ఒక పెద్దమ్మను కూడ కూర్చుండబెట్టి ఆమె ఎరిగిన కీర్తనలు పాడించండి. ఆమె పాడగా బిడ్డ వాయించవలెను. సెల్‌ఫోనులో పాట విని నేర్చుకొను బిడ్డకు ఆ నడక దొరకదు. ఆ తల్లులు ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయిన తరువాత ఎంత వెలగల ఆర్గన్ కొన్నను అది తిరిగిరాదు.

నూరేండ్ల క్రితము మన పితరులకు చెట్టు నీడ, తాళములు, తమ గొంతులు తప్ప ఏమియు లేవు. అయినను వారు పాడిరి, పాట మనవరకు వచ్చినది. నూరేండ్ల తరువాత కూడ మన గుళ్ళలో వెనుక చాపల నుండి పాట వినబడునట్లు ప్రభువు మన చేతులకు జ్ఞానమును, మన చెవులకు వివేకమును అనుగ్రహించును గాక.